దుప్పటి మీద చివరికి మిగిలేదెంత?

బెంగళూరు చిక్‌పేటలో జీఎస్టీ కాక రూ.310కి కొన్న దుప్పటి ఆన్‌లైన్‌లో రూ.599కి అమ్ముతున్నా. 5 శాతం జీఎస్టీ తీస్తే 570.48. కమీషన్, షిప్పింగ్, ఫిక్స్‌డ్ ఫీజు కలిపి 130, ప్యాకింగ్ 12, కొన్న ధర 310 పోగా మిగులు 118.48. ఫీజుల మీది 18 శాతం జీఎస్టీ క్రెడిట్‌గా వస్తుంది, సైట్ ముందే పట్టుకునే టీసీఎస్, టీడీఎస్ పన్నులు కూడా తర్వాత సర్దుబాటవుతాయి కనుక వాటిని ఖర్చులో వేయలేదు.

అసలు దెబ్బ రిటర్నులదే. వందలో 18 వెనక్కొస్తున్నాయి. ఒక్కోదానికి రివర్స్ షిప్పింగ్ 90, ప్యాకింగ్ 12 దండగ. అందులో మూడు పసుపు మరకలతో వచ్చి మళ్లీ అమ్మడానికి పనికిరావు. ఆ మూడింటి కొన్న ధరా కలిపి మొత్తం నష్టం 2,766. మిగతా 82 అమ్మకాలకు పంచితే దుప్పటికి చివరికి మిగిలేది దాదాపు 85 రూపాయలే.

చిక్కంతా ఇక్కడే: ఈ నెల ఆర్డర్లు వచ్చే నెల రిటర్నవుతున్నాయి. లెక్క ఆర్డర్ తేదీతో రాయాలా, పేమెంట్ తేదీతోనా? యాడ్ ఖర్చు రిటర్నైన వాటికీ పంచాలా? ఎక్సెల్‌లో రాసుకునేవారు దయచేసి చెప్పండి.