మోకాళ్ల నొప్పి: అరుగుదలా, ఫ్లోరోసిసా?

ప్రశ్న (మర్రిగూడ మండలం)

మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. మిషన్ భగీరథ నల్లా వచ్చేదాకా బోరునీళ్లే తాగింది. మోకాళ్లతో పాటు నడుము, మెడ కూడా పట్టేసి, పొద్దున గోడ ఆసరా లేనిదే లేవలేకపోతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ అరుగుదలేనంటూ సూదులు వేస్తున్నారు. కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలవుతోంది. అసలు కారణం ఎలా తేలుతుంది?

జవాబు (ఫిజియోథెరపిస్టు, నల్లగొండ)

అరుగుదల నొప్పి సాధారణంగా మెట్లెక్కినప్పుడు, కింద కూర్చుని లేచినప్పుడు ఎక్కువై, విశ్రాంతితో తగ్గుతుంది. ఫ్లోరోసిస్ అంటే తాగునీటిలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై వచ్చే జబ్బు. ఆ ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని, వాటిని పట్టి ఉంచే స్నాయువులను కూడా గట్టిపరుస్తుంది కాబట్టి, మెడ, వెన్ను బిగుసుకుపోవడం ముఖ్యమైన సూచన. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లను అందుకోగలరా, గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా, చేతులను తల వెనుకకు పెట్టగలరా అని చూడండి. ఇవి అనుమానానికే పనికొస్తాయి, నిర్ధారణకు చాలవు. వెన్నుతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించండి; అక్కడి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడితే ఫ్లోరోసిస్‌కు బలమైన ఆధారం. మూత్రంలో ఫ్లోరైడ్, రక్తంలో క్రియాటినిన్ చూడాలి, ఎందుకంటే మూత్రపిండాలు బలహీనపడితే ఫ్లోరైడ్ ఒంట్లోనే నిలిచిపోతుంది. ఈ ప్రాంతంలో రెండు జబ్బులూ ఒకరికే ఉండవచ్చు.

ఆ సూదిలో ఏ మందు ఉందో తప్పక అడగండి. స్టెరాయిడ్ పదేపదే వేస్తే ఎముక గుల్లబారుతుంది, షుగర్ పెరుగుతుంది. కాళ్లు మొద్దుబారినా, మూత్రంపై అదుపు తప్పినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడాలి కాబట్టి ఒక్కరోజు కూడా ఆగకండి.

ప్రశ్నించినవారు

కృతజ్ఞతలండీ. తాగేది నల్లా నీళ్లే అయినా వంటకు ఇప్పటికీ బోరునీళ్లే వాడుతున్నాం. మరిగితే సరిపోదా?

జవాబు (మునుగోడు)

సరిపోదండీ. మరిగిస్తే నీరు ఆవిరై, మిగిలినదానిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లతో అన్నం, పప్పు, చాయ్ చేసినా అది ఒంట్లోకే చేరుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ విషయంలో మరింత పట్టుదలగా ఉండండి. దొడ్డికాళ్లు, పళ్లపై గారలు ఎదిగే వయసులోనే వస్తాయి. 1970లలో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మన జిల్లా పిల్లల వంకర కాళ్లను గుర్తించి ప్రపంచానికి తెలిపారు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు తినిపించండి, ఎందుకంటే కాల్షియం తక్కువైన ఒంటికి నష్టం ఎక్కువ. అమ్మగారికి ఇప్పటికే గట్టిపడిన ఎముకలు పూర్వస్థితికి రావు గానీ, నీళ్లు మారిస్తే కొత్తగా చేరేది తగ్గుతుంది. బోరు నీటిని ముందు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి.