పేదల ఇళ్లలో కరెంటు పొదుపు పథకం ఫలితాన్ని దేనితో కొలవాలి?

ప్రశ్న:
మా స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్‌లోని రెండు బస్తీల్లో రేకుల ఇళ్లకు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇచ్చి, పైకప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించింది. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం కావడంతో ఆ ఇళ్లలో చాలావాటికి అంతకుముందూ సున్నా బిల్లే, ఇప్పుడూ సున్నా బిల్లే. మీటరు రీడింగులో కనిపిస్తున్న తగ్గుదల మా అంచనాలో సగం కూడా లేకపోవడంతో దాతలు పథకం విఫలమైందంటున్నారు. మదింపు ఎలా చేయడం సబబు?

జవాబు 1:
75 వాట్ల ఫ్యాను తీసేసి 30 వాట్లది పెట్టి, రోజుకు 12 గంటలు తిప్పితే నెలకు 16 యూనిట్లు మిగలాలి. అయితే పాత ఫ్యాను ఏమైందో ఇంటింటికీ వెళ్లి చూశారా? అది వంటగదిలో తిరుగుతూ ఉంటే మిగులు ఎక్కడి నుంచి వస్తుంది? 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ గ్రామ ఉజాలా పథకంలో పాత ఫిలమెంటు బల్బు అప్పగిస్తేనే 10 రూపాయలకు ఎల్‌ఈడీ ఇచ్చారు. ఆ షరతు మీకూ అవసరం.

జవాబు 2:
అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, చలి నుంచి ఇళ్లను కాపాడే ప్రభుత్వ పథకంపై దాదాపు 30,000 పేద కుటుంబాలతో జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. ఇంజినీర్లు లెక్కగట్టిన ఆదాలో మూడో వంతు కంటే తక్కువే నిజంగా దక్కిందని, ఇళ్లను మునుపటికంటే వెచ్చగా ఉంచుకోవడమే దానికి కారణమనడానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదని అందులో తేలింది. కాబట్టి అంచనాతో పోల్చకండి. ఈసారి లాటరీ తీసి సగం ఇళ్లకు ముందుగా, మిగతా సగానికి మరుసటి ఏడాది ఇవ్వండి. ఎండల తీవ్రత ఇరువైపులా ఒకటే కనుక తేడా నికరంగా తెలుస్తుంది.

జవాబు 3:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పాలి. నగరంలోని దేవరకొండ బస్తీలో 2017లో కప్పులపై తెల్లటి పొర పరిచి చూసినప్పుడు ఇంటి లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. మే నెలలో రేకు కింద పసిపిల్లలతో పడుకునేవారికి అది చిన్న విషయం కాదు, కానీ ఏ మీటరులోనూ నమోదు కాదు. గదికో థర్మామీటరు పెట్టి రాత్రి పదింటి రీడింగు రాయించండి. సున్నా బిల్లు ఇళ్లలో యూనిట్లు తగ్గితే ఆదా అయ్యేది ప్రభుత్వ సబ్సిడీయే. దాన్ని కుటుంబానికి దక్కిన లాభంగా చూపకుండా వేరుగా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఒకే మీటరు మీద మూడు వాటాలున్న ఇళ్లను లెక్కలో ఉంచాలా?

జవాబు 1:
ఉంచండి. అద్దెకుండేవారిని తీసేస్తే అందరికంటే పేదవాళ్లే లెక్కలోంచి పోతారు. వాటాకో సబ్ మీటరు బిగించి, పెయింట్ వేయడానికి ముందు కనీసం ఒక వేసవి రీడింగులు తీసుకోండి.