సొంతంగా షెల్ రాయడం: నేర్చుకోవడమా, టైమ్ వృథానా?

రాత్రిషిఫ్ట్
మూడు నెలలుగా ఆఫీసు నుంచి వచ్చాక సీ లాంగ్వేజ్‌లో ఒక చిన్న షెల్ (మనం టైప్ చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) రాస్తున్నాను. కమాండ్లు నడుస్తున్నాయి, హిస్టరీ ఉంది, ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి అందించే పైప్ కూడా పనిచేస్తోంది. మొన్న మా రూమ్మేట్ చూసి, "బాష్ ఉంది, జెడ్‌షెల్ ఉంది, ఫిష్ ఉంది. ఉన్నదే మళ్లీ రాస్తే ఏమొస్తుంది? అదే టైమ్‌లో ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో నాలుగు బగ్గులు సరిచేస్తే పదిమందికి పనికొస్తుంది కదా" అన్నాడు. ఆ మాట అప్పటి నుంచి మనసులో తొలుస్తోంది. మీరేమంటారు?

మిరపచేను
మీ రూమ్మేట్ చెప్పిందే నిజం తమ్ముడూ. కమాండ్ నడపడం రెండు సాయంత్రాల పని. అసలు కష్టం ఆ తర్వాతే. కోట్స్, వేరియబుల్స్, స్టార్ గుర్తును ఫైల్ పేర్లుగా మార్చడం, వీటిలో ఏది ముందు ఏది వెనక అనే లెక్క. అందులో దిగినవాళ్లు తేలడం నేను చూడలేదు. బాష్‌ని బ్రయాన్ ఫాక్స్ 1989లో విడుదల చేశారు. ప్రపంచమంతా వాడే ఆ కోడ్‌లోనే 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ అనే భద్రతా లోపం బయటపడింది. ప్రోగ్రామ్‌లకు సెట్టింగులు అందించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఫంక్షన్ తర్వాత ఏం తగిలించినా నడిపేసేది. పాతికేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. ఒక్కరే కూర్చుని రాసినదాన్ని ఎలా నమ్ముతాం?

పాతటెర్మినల్
మిరపచేను గారూ, రోజూ వాడే షెల్‌గా నమ్మమని ఆ అబ్బాయి అడగలేదు. రాయడం వల్ల ఏమొస్తుందని అడిగాడు.

డైరెక్టరీ (ఫోల్డర్) మార్చే సీడీ కమాండ్‌నే తీసుకోండి. అది విడి ప్రోగ్రామ్‌గా ఎందుకు పనిచేయదని ఇంటర్వ్యూల్లో అడుగుతాను. చాలామంది "బిల్టిన్ కాబట్టి", అంటే షెల్ లోపలే ఉంటుంది కాబట్టి, అంటారు. ఎందుకు బిల్టిన్ అంటే మౌనం. పీడీపీ-7 అనే పాత కంప్యూటర్ మీద యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టిన రోజుల్లో దాన్ని తయారుచేసినవాళ్లకే ఇది ఎదురైంది. నడుస్తున్న ప్రోగ్రామ్ (ప్రాసెస్) తనలాంటి ఇంకోదాన్ని, అంటే చైల్డ్‌ని, పుట్టించే ఫోర్క్ వచ్చాక వాళ్ల డైరెక్టరీ మార్చే కమాండ్ పనిచేయడం మానేసింది. డైరెక్టరీ మారేది చైల్డ్ ప్రాసెస్‌కి, అది కాస్తా వెంటనే చనిపోతోంది, షెల్ ఉన్నచోటే ఉంటోంది. వాళ్లలో ఒకరైన డెనిస్ రిచీ స్వయంగా రాసిన సంగతి ఇది. సొంత షెల్ రాసే ప్రతివాళ్లూ ఈ తప్పు చేస్తారు. ఒకసారి చేశాక ప్రాసెస్ అంటే ఏమిటో ఇక మరిచిపోరు.

రాత్రిషిఫ్ట్, నీ పైప్‌కి ఒక పరీక్ష పెట్టు. పెద్ద లాగ్ ఫైల్‌ని, ఫైల్ చూపించే క్యాట్ కమాండ్‌తో తీసి, లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీకి పంపు. మొదటి కమాండ్ అయ్యేదాకా ఆగి రెండోది మొదలుపెడుతున్నావేమో చూసుకో. లైనక్స్‌లో పైప్ మామూలుగా 64 కేబీ పడుతుంది. నిండితే రాసేవాడు ఆగిపోతాడు, చదివేవాడు ఇంకా పుట్టనే లేదు.

మిరపచేను
ఆ మేరకు ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ ఆపాలో ముందే అనుకోకపోతే మూడు నెలలు మూడేళ్లవుతాయి. నాకు అలాగే అయింది. కోట్స్ దగ్గర మొదలుపెట్టి, టైప్ చేసిన లైన్‌ని విడదీసి అర్థం చేసుకునే పార్సర్‌ని నాలుగుసార్లు తిరగరాశాను, చివరికి వదిలేశాను. ఆ బాధతోనే చెబుతున్నా.

వైజాగ్‌కోడర్
మిరపచేను అన్నా, అందుకే షెల్ ఎలా ఉండాలో చెప్పే పాసిక్స్ ప్రమాణం అంతా పట్టుకోకూడదు. 1971లో యూనిక్స్ తయారుచేసినవాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్ రాసిన షెల్‌లో వేరియబుల్సే లేవు. పైపులు 1973లో వచ్చాయి. దానితోనే వాళ్లు పని చేసుకున్నారు. నన్నడిగితే పార్సర్ పక్కనపెట్టి జాబ్ కంట్రోల్ (టెర్మినల్ ఏ ప్రోగ్రామ్ చేతిలో ఉండాలో షెల్ చూసుకోవడం) చేయాలి. కాసేపు ఊరికే ఆగి ఉండే స్లీప్ కమాండ్ నడుస్తుండగా, దాన్ని ఆపడానికి కంట్రోల్-సీ కొడితే కొత్త షెల్ కూడా చచ్చిపోతుంది, ఎందుకంటే రెండూ ఒకే ప్రాసెస్ గ్రూపులో ఉంటాయి, ఆ సిగ్నల్ గ్రూపు మొత్తానికి వెళ్తుంది. చైల్డ్‌ని వేరే గ్రూపులో పెట్టి టెర్మినల్ దానికి అప్పగించాలి, అయ్యాక వెనక్కి తీసుకోవాలి. టెర్మినల్ తన చేతిలో లేని ప్రోగ్రామ్ దాన్ని తాకితే ఆపేసే సిగ్‌టీటీఓయూ సిగ్నల్‌ని పట్టించుకోవద్దని షెల్‌కి ముందే చెప్పకపోతే, వెనక్కి తీసుకునేటప్పుడు షెల్లే ఆగిపోతుంది. రెండు రాత్రులు నిద్ర లేకుండా పోయింది నాకు దీంతో.

రాత్రిషిఫ్ట్
పాతటెర్మినల్ గారూ, పరీక్ష చేశాను. మీరన్నట్టే పెద్ద ఫైల్‌కి ఆగిపోయింది. రెండు ఫోర్క్‌లూ అయ్యాకే వెయిట్ చేసేలా మార్చాను. క్యాట్ ముగిసింది కానీ డబ్ల్యూసీ కదల్లేదు. గంటన్నర వెతికితే తెలిసింది: రెండో చైల్డ్‌లో పైప్ రైట్ ఎండ్ (రాసే చివర) మూయలేదు. ఇంకెవరో రాస్తారని డబ్ల్యూసీ ఎదురుచూస్తోంది, ఆ రాసే చివర ఉన్నది దాని చేతిలోనే! ఒక్క క్లోజ్ పెట్టగానే లెక్క వచ్చేసింది. ఇంత సంతోషం ఆఫీసు టికెట్ మూసినప్పుడు ఎప్పుడూ కలగలేదు. రూమ్మేట్‌ని కూర్చోబెట్టి బొమ్మ గీసి చూపించాను, వాడూ అరగంట కదల్లేదు.

మిరపచేను గారి మాట కూడా విన్నాను. కోట్స్ వరకే, వేరియబుల్స్ వద్దు. జాబ్ కంట్రోల్ శనివారం మొదలుపెడతాను. వైజాగ్‌కోడర్ అన్నా, చైల్డ్ గ్రూపు మార్చే కాల్ పేరెంట్‌లో చేయాలా, చైల్డ్‌లోనా?

వైజాగ్‌కోడర్
రెండుచోట్లా చెయ్. ఎవరు ముందు పరిగెడతారో మన చేతిలో లేదు.