మెనోపాజ్‌లో ఈస్ట్రోజెన్: భయపడి వదిలేయాలా, జాగ్రత్తగా వాడుకోవాలా?

రాత్రిమెలకువ:
నాకు 51. పీరియడ్స్ ఆగి ఏడాదిన్నర అయింది. రాత్రి రెండింటికోసారి, నాలుగింటికోసారి ఒళ్ళంతా ఆవిర్లొచ్చి లేస్తాను, తడిసిన దిండు గలీబు మార్చుకుని పడుకునేసరికి చలితో వణుకు. మొన్న ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ రోజూ వాడే మాటే నోటికి రాక ఆగిపోయాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరుగారు ఒంటికి అంటించుకునే ఈస్ట్రోజెన్ ప్యాచ్, దాంతో పాటు ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ రాశారు, రెండూ ఆడవాళ్ళ హార్మోన్లేనట. మా అక్క చీటీ చూసి "క్యాన్సర్‌ని కొని తెచ్చుకుంటావా?" అంది. పది రోజులుగా ఆ చీటీ బ్యాగులోనే ఉంది. వాడినవాళ్ళూ చెప్పండి, వద్దనుకున్నవాళ్ళూ చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.

గట్టుమీదచెట్టు:
నేనైతే వద్దనే అంటాను. మా పెద్దమ్మ ఆరేళ్ళు హార్మోన్ మాత్రలు మింగింది, ఆ తర్వాతి ఏడు రొమ్ములో గడ్డ బయటపడింది. మాత్రల వల్లే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరని నాకూ తెలుసు. కానీ 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అని 16,608 మంది ఆడవాళ్ళతో నడుస్తున్న ట్రయల్‌ని మధ్యలోనే ఎందుకు ఆపేశారు? రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు అన్నీ పెరిగాయనే కదా. మెనోపాజ్ జబ్బేం కాదు, కొన్నేళ్ళు ఓర్చుకుంటే తగ్గిపోయేదానికి ఇంత ప్రమాదం నెత్తికెత్తుకోవడం నాకు అర్థం కాదు.

లెక్కలమనిషి:
చెట్టు గారూ, ఆ ట్రయల్ గురించి చెప్తే పూర్తిగా చెప్పాలండీ. అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. అంటే చాలామందికి పీరియడ్స్ ఆగి పదేళ్ళు దాటిపోయింది. వాళ్ళకిచ్చింది కూడా ప్యాచ్ కాదు, చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర, దానికి తోడు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే, ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే కృత్రిమ మందు. రొమ్ము క్యాన్సర్ సంగతికొస్తే, ఏడాదికి పదివేల మందిలో 30 మందికి వచ్చేది 38 మందికి వచ్చింది. ఆ పెరిగిన ఎనిమిది మందిలో ఒకరు మనింటి మనిషైతే అది చిన్న లెక్క కాదు, ఒప్పుకుంటాను. కానీ గర్భసంచి తీసేసినవాళ్ళకి ఒక్క ఈస్ట్రోజెనే ఇచ్చిన రెండో ట్రయల్‌లో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, పక్షవాతం పెరిగిందని దాన్ని 2004లో ఆపారు. ఒక్కో మందుకి ఒక్కో సంగతి, అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఇంకోటి. మాత్ర మింగితే అది ముందు లివర్‌కి వెళ్తుంది, అక్కడ రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు పెరుగుతాయి. ప్యాచ్, జెల్ అయితే చర్మం గుండా సరాసరి రక్తంలోకి వెళ్తాయి కాబట్టి మామూలు మోతాదుల్లో గడ్డల ప్రమాదం పెరిగినట్టు పరిశీలనల్లో కనబడలేదు. 60 లోపు, లేదంటే పీరియడ్స్ ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెడితే, వేరే ఇబ్బందులు లేనివాళ్ళలో ఎక్కువమందికి నష్టం కన్నా లాభమే ఎక్కువని ఇప్పుడు మెనోపాజ్ నిపుణుల మాట. 2025 నవంబరులో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కూడా ఈ మందుల మీదున్న పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తీసేయిస్తామని ప్రకటించింది. "కొన్నేళ్ళు ఓర్చుకోవడం" అన్నారు, ఆ కొన్నేళ్ళు ఏడు, పదేళ్ళు కూడా ఉంటాయండీ. రోజుకి మూడు గంటల నిద్రతో పదేళ్ళంటే మాటలా?

తెరచాప:
మీరిద్దరూ ఈస్ట్రోజెన్ గురించే వాదించుకుంటున్నారు, నన్ను దెబ్బతీసింది మాత్రం ఆ రెండో మందు మానేయడం. నేను జెల్ వాడేదాన్ని, తొడకి రాసుకుని ఆరాక బట్టలు వేసుకోవడం. నెల తిరక్కుండానే ఆవిర్లు తగ్గాయి, ప్రాణం లేచొచ్చింది. ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం దాకా మత్తుగా ఉండేది, పడుకోబోయే ముందు వేసుకోవాలని నాకు తెలియదు, అడగనూ లేదు. జెల్‌తోనే హాయిగా ఉంది కదా అని క్యాప్సూల్ మానేశాను. ఎనిమిది నెలలు.

ఒకరోజు లోలంగాకి గోధుమరంగు మరక. ఏదో వేడి చేసిందనుకున్నాను. రెండు వారాలకి మళ్ళీ. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర 14 మిల్లీమీటర్లుంది, మెనోపాజ్ తర్వాత నాలుగైదు లోపే ఉండాలట. బయాప్సీ చేశారు, అంటే ఆ పొర ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా తొమ్మిది రోజులు నేను మనిషిని కాను. క్యాన్సర్ కాదు, పొర మందమైందంతే, మందులతో ఆరు నెలల్లో మామూలైంది. అప్పుడు చెప్పారు డాక్టరమ్మ: ఈస్ట్రోజెన్ ఆ పొరని పెంచుతూనే పోతుంది, ప్రొజెస్టిరాన్ దాన్ని అదుపులో ఉంచుతుంది, గర్భసంచి ఉన్నవాళ్ళు ఆ రెండోది మానకూడదు అని. ఇది 1975లోనే బయటపడిన విషయమట, నాకు అంత చదువుండీ తెలియలేదు. మెలకువ గారూ, చీటీలో మీకు నచ్చనిది ఏదైనా ఉంటే డాక్టరుతో మార్పించుకోండి, మీ అంతట మీరు సగం మానకండి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు కొంచెం మరకలు కనబడొచ్చు, అవి ఎక్కువైనా, ఆ తర్వాత కనబడినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. కింద పొడిబారడం ఒక్కటే బాధైతే లోపల పెట్టుకునే తక్కువ మోతాదు క్రీముంది, దానికి మామూలుగా ఈ క్యాప్సూల్ అక్కర్లేదు. జెల్ రాసుకునేవాళ్ళు చేతులు కడుక్కోండి, రాసిన చోటు పిల్లలకి తగలనివ్వకండి.

గట్టుమీదచెట్టు:
తెరచాప గారూ, మీది చదివాక మా పెద్దమ్మ ఏ మందు వాడిందో కూడా నాకు తెలియదని గుర్తొచ్చింది. అయినా నా భయం పూర్తిగా పోలేదు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ఉంది: 50 ఏళ్ళప్పుడు మొదలుపెట్టి ఐదేళ్ళపాటు రెండు హార్మోన్లూ రోజూ వాడితే, 69 ఏళ్ళు వచ్చేలోపు ప్రతి 50 మందిలో ఒకరికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వస్తుందని. ఒక్క ఈస్ట్రోజెనే అయితే 200 మందిలో ఒకరు. లెక్కలమనిషి గారు ఇది చెప్పలేదు.

లెక్కలమనిషి:
నిజమే, చెప్పాల్సింది. అందుకే ఎన్నేళ్ళు వాడాలన్నది ఏటేటా డాక్టరుతో కూర్చుని చూసుకోవాలి, మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే పరీక్ష, మానకూడదు. రొమ్ము క్యాన్సర్ ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళు మామూలుగా దీని జోలికి వెళ్ళకూడదు. వాళ్ళకి హార్మోన్ లేని మందులు వేరే ఉన్నాయి. మెలకువ గారూ, మీకు గానీ ఇంట్లోవాళ్ళకి గానీ రక్తం గడ్డలు, పక్షవాతం, లివర్ జబ్బు, కారణం తెలియని బ్లీడింగ్ లాంటివి ఉన్నాయా?

రాత్రిమెలకువ:
నాకేం లేవు. కానీ మా అమ్మకి ఆపరేషన్ తర్వాత కాలిలో గడ్డ కట్టింది, అప్పుడు నాకు పదిహేనేళ్ళు. డాక్టరుగారు అడిగినప్పుడు నాకు గుర్తే రాలేదు, ఏమీ లేవన్నాను. క్యాప్సూల్ ఎందుకో కూడా అడగలేదు. గురువారం మళ్ళీ వెళ్తున్నాను, అమ్మ పాత ఫైలు అటక మీంచి దింపించాను. అక్కనీ తీసుకెళ్తాను, అడగాల్సినవి తనే అడగనీ.