నా నవలలో లాయర్ కోర్టులో తడబడే సీన్ కుదరడం లేదు, కాస్త సలహా ఇస్తారా?

అందరికీ నమస్కారం. లీగల్ థ్రిల్లర్ ఒకటి రాస్తూ సగంలో ఇరుక్కుపోయాను. కథలో డిఫెన్స్ లాయర్ మూడేళ్ల కిందట సొంత చెల్లెలి హత్యను కళ్లారా చూసింది, ఇప్పుడు అచ్చం అలాంటి కేసులోనే నిందితుడి తరఫున వాదించాల్సి వస్తుంది. పోస్టుమార్టం ఫోటోలు చూపించగానే ఆమె కుప్పకూలినట్టు రాశాను, చదివిన ఫ్రెండ్ మరీ సినిమా ఫక్కీలో ఉందంది. నిజమే అనిపించింది.

పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనసును వదలని మానసిక సమస్య) గురించి కొంత చదివాను. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని మానసిక రుగ్మతల జాబితాలో చేర్చింది. ఫ్లాష్‌బ్యాక్‌లు, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ సంఘటనను గుర్తు చేసేవాటికి దూరంగా ఉండటం, ఇవన్నీ తెలుసు. నాకు అర్థం కానిది ఈ తప్పించుకునే గుణం పనిలో ఎలా బయటపడుతుందన్నదే. ఫైల్లో ఆ ఒక్క రిపోర్టును రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని తెరవకుండా వదిలేసి, దానివల్లే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సిన అసలు ప్రశ్న అడగకపోతే నమ్మేలా ఉంటుందా? నాకైతే ఏడుపు కంటే ఇదే ఎక్కువ భయంగా తోస్తోంది.

ఇంకోటి. మధ్యలో తప్పుకుంటే నిందితుడికి నష్టం, కొనసాగితే ఆమెకి. విచారణ మొదలయ్యాక తప్పుకోవాలంటే జడ్జి అనుమతి అడిగేటప్పుడు తన పరిస్థితి ఎంతవరకు బయటపెడుతుంది? క్లయింట్‌కి ముందే చెప్పాలా?

క్రిమినల్ లాయర్లు, కౌన్సెలర్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. హంతకుడు ఎవరని మాత్రం అడగొద్దు, నాకే ఇంకా తేలలేదు.