చెక్ అనే మాట వెనక ఒక రాజు ఉన్నాడు

బ్యాంకు చెక్కుకీ, ‘ఒకసారి చెక్ చెయ్యి’ అనేదానికీ, గళ్ళ చొక్కాని చెక్స్ చొక్కా అనడానికీ ఏమైనా సంబంధం ఉందా లేక మూడూ వేరే వేరే మాటలా అని అడిగారు కదా. సంబంధం ఉందండీ, మూడూ చదరంగం బల్ల మీద పుట్టినవే, నాకు చాలా ఇష్టమైన మాట ఇది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

పారశీకంలో షా అంటే రాజు, మనకి తెలిసిన పాదుషాలో ఉన్న షానే. మన చతురంగం (ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, ఈ నాలుగు అంగాలు) పారశీకానికి వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల నోట షత్రంజ్ అయింది, తెలుగులో చదరంగం అయింది. ఎదుటివాడి రాజు మీదకి దాడి వచ్చినప్పుడు ‘షా’ అని హెచ్చరించేవాళ్ళు, అంటే ‘రాజు జాగ్రత్త’ అని. ఆ పిలుపే అరబ్బీ మీదుగా యూరప్ చేరి పాత ఫ్రెంచిలో ఎషెక్ అయి 14వ శతాబ్దానికి ఇంగ్లీషులో చెక్ అయింది. ఇంకో సంగతి, చెస్ అనే పేరు కూడా ఆ ఫ్రెంచి మాట బహువచనమే, అంటే చెస్ అంటే ‘చెక్‌లు’ అన్నమాట! చెక్‌మేట్ అయితే షా మాత్. అరబ్బీలో మాత అంటే చనిపోయాడు అని ఉంది కాబట్టి ‘రాజు చచ్చాడు’ అని చాలామంది చెప్తారు గానీ, పారశీకంలో మాత్ అంటే దిక్కుతోచక నిలబడిపోవడం, నాకు ఇదే సరైనదనిపిస్తుంది ఎందుకంటే చదరంగంలో రాజుని ఎవరూ చంపరు, కదలడానికి చోటు లేకుండా చేస్తారంతే.

ఇక అర్థాలు ఎలా పాకాయో చూడండి. రాజుకి చెక్ వచ్చిందంటే మీరు వేద్దామనుకున్న ఎత్తులన్నీ ఆపి ముందు రాజుని కాపాడుకోవాలి, అందుకే చెక్ అంటే అడ్డు, ఆపడం, అదుపు అయింది. ‘అవినీతికి చెక్’ అని హెడ్డింగులు పెడతారే, అది ఈ అర్థమే. తప్పు ముందుకు పోకుండా ఆపాలంటే సరిచూడాలి కదా, అలా చాలాకాలం తర్వాత తనిఖీ అనే అర్థం వచ్చింది, చెక్ పోస్టులో అయితే ఆపడమూ ఉంది తనిఖీ కూడా ఉంది.

బ్యాంకు చెక్కు కథ ఇంకా బావుంటుంది. 18వ శతాబ్దం మొదట్లో ఆ మాట డబ్బు రాసిచ్చే కాగితానికి కాదు, దొంగ కాగితం వస్తే పోల్చి సరిచూసుకోవడానికి దగ్గర ఉంచుకునే కౌంటర్‌ఫాయిల్‌కి పేరు, తర్వాత పేరు అసలు కాగితం మీదకి జారింది. బ్రిటిష్ వాళ్ళు దాన్ని చివర క్యూ పెట్టి వేరే స్పెల్లింగుతో రాయడానికి కారణం ఎక్స్‌చెకర్ అనే మాట ప్రభావం. ఎక్స్‌చెకర్ అంటే ఇంగ్లండు రాజుగారి ఖజానా లెక్కల కచేరీ, 12వ శతాబ్దంలో అక్కడ సుమారు 10 అడుగుల పొడవు 5 అడుగుల వెడల్పు బల్ల మీద గీతల గుడ్డ పరిచి బిళ్ళలు జరుపుతూ లెక్క కట్టేవాళ్ళు, రోమన్ అంకెలతో కూడికలు తీసివేతలు ఎంత కష్టమో తెలిసిందే కదా. ఆ బల్ల చదరంగం పలకలా ఉందని ఆ పేరు పెట్టారు. ఇప్పటికీ బ్రిటన్ ఆర్థికమంత్రిని ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే అంటారు, అంటే ఆ పదవి పేరులో కూడా మన చదరంగం ఆట దాక్కుని ఉంది. గళ్ళ చొక్కా సంగతీ అంతే, పలక మీద గళ్ళు గుడ్డ మీదకి వచ్చాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం. ‘చెక్కు చెదరకుండా’లో చెక్కు, శిల్పం చెక్కడంలో చెక్కు మన సొంత మాటలు, వీటికీ ఆ రాజుకీ ఏ సంబంధమూ లేదు, ధ్వని కలిసింది కదా అని దయచేసి కలపకండి.

చెక్‌మేట్‌కి తెలుగులో చక్కటి మాట ఉంది, ఆట కట్టు. అదీ పలక దగ్గరే ఆగలేదు, దొంగల ఆట కట్టించారు అని పేపర్లో రాస్తారు కదా. ‘చెక్ పెట్టారు’ అని రాసే చాలాచోట్ల ఇది హాయిగా సరిపోతుంది, ఈసారి హెడ్డింగు పెట్టేవాళ్ళు వాడి చూడండి.