విన్నా నమ్మనివాళ్ల హృదయం దేవుడే మూసేశాడా?

బ్రాడీపేట అమ్మాయి (గుంటూరు):
అందరికీ వందనాలు. అమ్మ, నేను విశ్వాసులం, నాన్నగారు కారు. ఆదివారం మమ్మల్ని చర్చి దగ్గర దింపి, బయటే కూర్చుని మైకులో ప్రసంగం అంతా వింటారు, మేం మర్చిపోయినవి కూడా ఇంటికొచ్చాక ఆయనే చెప్తారు. అయినా "నాకు నమ్మకం కుదరట్లేదమ్మా" అంటారు. మొన్న ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 6వ అధ్యాయం చదివి, విన్నా గ్రహించరన్న మాట మీ నాన్న లాంటివాళ్ల గురించే, దేవుడే వాళ్ల హృదయం మూసేశాడు అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నిజంగా అంతేనా?

కృష్ణలంక బ్రదర్:
అమ్మా, ఆ మాట తీసుకొచ్చి మీ నాన్నగారి మీద పెట్టడం తప్పు. యెషయా మాట్లాడింది దేవుణ్ణి తరతరాలుగా ఎరిగి, ప్రవక్తల్ని చూసి కూడా లెక్కచేయని యూదా జనంతో. యేసు విత్తువాని ఉపమానం చెప్పి అదే మాట ఎత్తినప్పుడు, మత్తయి 13:15లో, కళ్లు మూసుకున్నది వాళ్లే అని ఉంటుంది. ఐగుప్తు రాజు ఫరో సంగతి కూడా చూడండి, నిర్గమకాండం 8లో కప్పల తెగులు తగ్గగానే అతనే హృదయం కఠినపరచుకున్నాడు, ఈగలు పోయాక మళ్లీ అంతే, యెహోవా కఠినపరచాడన్న మాట తెగుళ్ల మధ్యలో మొదట కనిపించేది 9:12లో, దద్దుర్లు వచ్చాక. అపొస్తలుడు పౌలు రోమా నగరంలో యెషయా మాట చెప్పి తలుపు వేసుకోలేదు, ఆ తర్వాత రెండేళ్లు తన దగ్గరికి వచ్చిన వాళ్లందరినీ చేర్చుకున్నాడు.

వాక్యం చదివేవాణ్ణి:
బ్రదర్ చెప్పింది సగం నిజం. ముందే నిర్గమకాండం 4:21లో, 7:3లో ఫరో హృదయాన్ని నేనే కఠినపరుస్తానని దేవుడు అన్నాడు కదా, అది వదిలేస్తే ఎలా? తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ నా దగ్గరికి రాలేడని యోహాను 6:44లో ఉంది, ఫిలిప్పీ పట్టణంలో లూదియ అనే స్త్రీ హృదయం తెరిచింది ప్రభువే. ఇవి చదివాక అంతా మనిషి చేతిలోనే ఉందనలేం. కానీ ఆ పెద్దాయన చేసినట్టు చేయడానికీ లేదు, ఎందుకంటే రోమా పత్రిక 9లో దేవుడు ఎవరిని కఠినపరచాలనుకుంటే వాళ్లని కఠినపరుస్తాడని రాసిన పౌలే ఆ అధ్యాయాన్ని తన జనం కోసం మానని వేదనతో మొదలుపెట్టాడు, 10:1లో వాళ్ల రక్షణ కోసం ప్రార్థిస్తున్నానన్నాడు. పౌలే ఎవరి పేరూ కొట్టేయలేదు, మనం ఎవరం?

మంగళగిరి సిస్టర్:
నమ్మకపోవడానికి కారణం అందరికీ ఒకటే కాదు చెల్లీ. యోహాను 12 తీయండి, చనిపోయిన లాజరు తిరిగి లేవడం తెలిసి యాజకులు అతన్నీ చంపాలనుకున్నారు, అంటే ఋజువు చాలక కాదు. అదే అధ్యాయంలో కొందరు అధికారులు నమ్మారు గాని సమాజమందిరం నుంచి వెలివేస్తారని నోరు విప్పలేదు. యేసు సొంత తమ్ముళ్లు ఆయనతో ఒకే ఇంట్లో పెరిగి కూడా నమ్మలేదు, యోహాను 7:5. ఆ తమ్ముళ్లే అపొస్తలుల కార్యములు 1:14లో ప్రార్థనలో కనిపిస్తారు. మీ నాన్నగారికి అడ్డుపడుతున్నది ఏంటో ఎవరైనా అడిగారా? అందరూ ఆయనకు చెప్పేవాళ్లే అయినట్టున్నారు.

బ్రాడీపేట అమ్మాయి:
రాత్రి అడిగాను సిస్టర్. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ ఈ పేరే వినకుండా పోయింది, నేను నమ్మితే ఆవిడ నరకంలో ఉందని ఒప్పుకున్నట్టే కదా" అన్నారు. నాకు మాట రాలేదు.

మంగళగిరి సిస్టర్:
ఇది కఠిన హృదయం కాదమ్మా, తల్లి మీద ప్రేమ. తొందరపడి జవాబు చెప్పకండి. ఆదికాండం 18:25లో అబ్రాహాము దేవుణ్ణే నిలదీసి అడిగిన మాట ఉంది, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని. నాన్నగారి పక్కన కూర్చుని ఆ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. మీ నాయనమ్మ గారి గురించి కూడా చెప్పమని అడగండి.